డింగ్‌బోచేలో రెండో రాత్రి తీసేస్తే ఏమవుతుంది? ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో రెస్ట్ డేల లెక్క

మియాపూర్_మెట్రో
అందరికీ నమస్కారం. అక్టోబర్‌లో హైదరాబాద్ నుంచి ఆరుగురం ఎవరెస్ట్ బేస్ క్యాంప్ అనుకుంటున్నాం. ఏజెన్సీ రెండు ప్లాన్లు పంపింది. ఒకటి లుక్లా (విమానం దిగి నడక మొదలుపెట్టే ఊరు) నుంచి లుక్లాకి 11 రోజులు: నామ్చేలో రెండు రాత్రులు, డింగ్‌బోచేలో రెండు రాత్రులు. రెండోది 10 రోజులు, డింగ్‌బోచేలో ఒక్క రాత్రే. ఒక రోజు సెలవు, ఆ రోజు లాడ్జ్ ఖర్చు, గైడు కూలీ మిగులుతాయి. "సగటు చూసుకుంటే ఎత్తు రూలు ఎక్కడా దాటట్లేదు" అంటున్నారు. పైగా రెస్ట్ డే నాడు కూడా కొండెక్కిస్తారట, ఇక అది రెస్టెలా అవుతుంది? తెలిసినవాళ్ళు కాస్త లెక్కలతో చెప్పండి.

గోల్కొండ_మెట్లు
ముందు రాత్రి పడుకునే ఎత్తులు ఒక కాగితం మీద రాసుకోండి. పగలు ఎంత ఎక్కారన్నది పక్కన పెట్టండి.

ఫాక్‌డింగ్ 2,610 మీటర్లు
నామ్చే బజార్ 3,440
తెంగ్‌బోచే 3,860
డింగ్‌బోచే 4,410
లోబుచే 4,940
గోరక్‌షెప్ 5,164

3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఉన్న ఎత్తులోనే ఇంకో రాత్రి ఉండాలి. వైల్డర్‌నెస్ మెడికల్ సొసైటీ మార్గదర్శకం చెప్పేది ఇదే.

నామ్చేలో మొదటి రాత్రి నుంచి గోరక్‌షెప్ దాకా పెరిగే ఎత్తు 1,724 మీటర్లు. 11 రోజుల ప్లాన్‌లో అది ఆరు రోజుల మీద పడుతుంది, రోజుకి 287. 10 రోజుల ప్లాన్‌లో ఐదు రోజులు, రోజుకి 345. ఏజెన్సీ చెప్పింది అబద్ధం కాదు. కానీ తెంగ్‌బోచే నుంచి డింగ్‌బోచేకి 550, మర్నాడే లోబుచేకి 530. రెండు రోజుల్లో 1,080 మీటర్లు, అదీ 3,800 పైన. మూసీ సగటు లోతు మోకాలి మట్టమే కదా అని వానాకాలంలో దిగినట్టుంటుంది ఈ సగటు లెక్క.

ఫాక్‌డింగ్ నుంచి నామ్చేకి కూడా ఒక్కరోజులో 830 పెరుగుతుంది. మధ్యలో ఆగినా లాభం తక్కువ, అందుకే నామ్చేలో రెండో రాత్రి పెట్టారు. 500 దాటక తప్పని చోట పక్కనే ఒక రోజు ఆగి సరిచేసుకోవాలి. డింగ్‌బోచేలో రెండో రాత్రి చేసే పని కూడా అదే.

మూటాముల్లె
అన్నా, సెలవుల లెక్క నేను జెప్త. సోమవారం నుంచి శుక్రవారం దాక రెండు వారాలు, పది సెలవులు. ముందు శని ఆదివారాలు, నడుమ, వెనుక అన్ని కలిపి 16 రోజులైతయి. మొదటి శనివారం కాఠ్మాండూ, ఆదివారం సామాను సర్దుకునుడు, సోమవారం లుక్లా. 11 రోజుల ట్రెక్ రెండో గురువారం లుక్లాలనే ఖతం. శుక్రవారం విమానం, శనివారం ఖాళీ, ఆదివారం ఇంటికి. ఆ ఖాళీ శనివారాన్ని మాత్రం ముట్టకుండ్రి. లుక్లాల మబ్బు పట్టిందంటే విమానాలు ఆగిపోతయి. రెస్ట్ డే కోసి బఫర్ పెంచుడు, బఫర్ కోసి రెస్ట్ డే పెంచుడు, రెండూ తప్పే. ఇంకో సెలవు దొరికితే బఫర్‌కే పెట్టుండ్రి.

తెల్లకోటు
శరీరం లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఆ రోజు విలువ తెలుస్తుంది. బేస్ క్యాంప్ ఎత్తు 5,364 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్ర మట్టం దగ్గర ఉండేదానిలో దాదాపు సగం. ఎత్తుకి వెళ్ళిన కొన్ని గంటల్లోనే ఊపిరి వేగం పెరుగుతుంది. దాంతో ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోయి రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది. మెదడు దాన్ని గమనించి "చాలు, నెమ్మదించు" అని ఊపిరికి బ్రేకు వేస్తుంది. ఆక్సిజన్ కావాలంటే గట్టిగా పీల్చాలి, కానీ బ్రేకు పడి ఉంది. ఆ బ్రేకు తీసేది మూత్రపిండాలు. అవి బైకార్బొనేట్‌ని మూత్రంలోకి వదలాలి, దానికి ఒకటి రెండు రోజులైనా పడుతుంది, ఎత్తు పెరిగిన ప్రతిసారీ మళ్ళీ మొదలు. కొత్త ఎర్రరక్తకణాలు సరిపడా తయారవడానికి వారాలు కావాలి, ఈ ట్రెక్‌లో అంత వ్యవధి ఉండదు.

కాబట్టి కాళ్ళు నొప్పి లేవు కదా అని రెస్ట్ డే ఎగ్గొట్టడం కుదరదు. కేబీఆర్ పార్కులో రోజూ పరిగెత్తేవాళ్ళకీ ఈ విషయంలో రాయితీ లేదు. 540 మీటర్ల ఎత్తున్న ఊళ్ళో ఎంత సాధన చేసినా కాళ్ళు, గుండె గట్టిపడతాయి గానీ ఎత్తు అలవాటవదు. దమ్మున్నవాళ్ళు వేగంగా ఎక్కేస్తారు కాబట్టి వాళ్ళకే తలనొప్పి ముందొచ్చే అవకాశం కూడా ఉంది.

కొత్తకాళ్ళు
అయితే ఆ రోజంతా పడుకోవాలా, తిరగాలా? మా కజిన్ వాళ్ళు లేహ్‌లో దిగిన రెండు రోజులూ గది దాటకూడదన్నారు.

గోల్కొండ_మెట్లు
రెండూ నిజమే, చోటు వేరు. లేహ్‌కి విమానంలో పోతే కొన్ని గంటల్లో 3,500 మీటర్ల మీద పడతారు, మెట్టుమెట్టుగా ఎక్కడం ఉండదు. అక్కడ మొదటి రెండు రోజులు నిజంగానే విశ్రాంతి: తినడం, నీళ్ళు తాగడం, సాయంత్రం బజారులో నెమ్మదిగా ఒక చుట్టు. దిగిన మర్నాడే కార్లో 5,359 మీటర్ల ఖర్దుంగ్ లా చూసి రావడమే అక్కడ జనం చేసే పెద్ద పొరపాటు.

ఖుంబూలో, అంటే ఈ ఎవరెస్ట్ దారిలో, మీరు నడుచుకుంటూ వస్తారు. నామ్చేలో రెండో రోజు తలనొప్పి లేకపోతే కాస్త పైకి వెళ్ళి దిగాలి. ఉంటే లాడ్జ్‌లోనే ఉండాలి. నిర్ణయం పొద్దున టిఫిన్ దగ్గర తీసుకోవాలి, గుంపుని చూసి కాదు.

పాతబూట్లు
ఆ రెండు రోజులు ఎలా గడపాలో వివరంగా రాస్తున్నాను.

నామ్చే: ఏడున్నరకి టిఫిన్, ఎనిమిదికల్లా బయల్దేరాలి. ఊరి వెనక నిటారు మెట్లదారి పట్టి సుమారు 3,780 మీటర్ల దగ్గరున్న శ్యాంగ్‌బోచే మట్టి రన్‌వే మీదికి, అక్కడి నుంచి ఎవరెస్ట్ వ్యూ హోటల్‌కి (3,880). మొత్తం 440 మీటర్ల ఎక్కుడు. రెండు నుంచి మూడు గంటలు పట్టాలి. గంటన్నరలో చేరారంటే తప్పు చేశారనే అర్థం. పైన అరగంట కూర్చుని చాయ్ తాగండి. ఓపిక ఉంటే ఖుమ్‌జుంగ్ మీదుగా దిగొచ్చు, 1961లో హిల్లరీ కట్టించిన బడి ఆ ఊళ్ళోనే ఉంది. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా లాడ్జ్‌లో ఉండాలి. రాత్రి పడక మళ్ళీ 3,440లోనే.

డింగ్‌బోచే: ఊరి వెనకే నంగ్‌కర్‌త్సాంగ్ గుట్ట, పైన 5,083. అందరూ దాని కొసదాకా పోవాలని పోటీ పడతారు, అవసరం లేదు. 4,750 నుంచి 4,800 దాకా వెళ్ళి పదిహేను ఇరవై నిమిషాలు కూర్చుని దిగితే చాలు. కొసదాకా వెళితే 670 మీటర్లు ఎక్కి దిగినట్టు, ఆ అలసట మర్నాడు లోబుచే దారిలో థుక్లా ఎక్కుడు దగ్గర బయటపడుతుంది. మోకాళ్ళు సతాయిస్తుంటే గుట్ట మానేసి ఛుకుంగ్ వైపు లోయలో నడవండి. ఛుకుంగ్ 4,730, దారి వాలుగా ఉంటుంది, సగం దూరం పోయి తిరిగొచ్చినా నష్టం లేదు.

రెండు చోట్లా వీపు మీద బరువు వద్దు. నీళ్ళు, జాకెట్, టోపీ, కాస్త తిండి. అంతే.

అల్వాల్_అక్క
మధ్యాహ్నం తర్వాతే అసలు గొడవ. తిని వేడివేడిగా దుప్పటి కప్పుకుంటే రెండు గంటలు నిద్ర పట్టేస్తుంది. నిద్రలో ఊపిరి నెమ్మదిస్తుంది, రక్తంలో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది, లేవగానే తల పగిలిపోతుంటుంది. రాత్రి నిద్ర కూడా పాడవుతుంది. కళ్ళు మూతలు పడుతుంటే ఇరవై నిమిషాలు, అదీ తల కింద బ్యాగు పెట్టుకుని వీపు ఎత్తుగా ఉంచి.

ఆ టైములో చేయాల్సిన పనులు బోలెడు. బూట్లలోని ఇన్‌సోల్స్ తీసి ఎండలో పెట్టండి. బూట్లని మాత్రం డైనింగ్ హాల్లో జడలబర్రె పేడ పొయ్యి దగ్గర ఆరబెట్టొద్దు, ఆ వేడికి జిగురు వదిలి సోల్ ఊడుతుంది, పైన చెప్పులు కుట్టేవాడు దొరకడు. కాళ్ళు కడిగి పూర్తిగా ఆరాక వేళ్ళ మధ్య చూడండి. ఎర్రగా కందిన చోట అప్పుడే టేపు వేయాలి, బొబ్బ లేచాక టేపు వేస్తే చర్మం ఊడొస్తుంది. గోళ్ళు అడ్డంగా తిన్నగా కత్తిరించుకోండి, దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడేది పొడుగ్గా ఉంచుకోవడం వల్లే. సాక్సులు మధ్యాహ్నం రెండు లోపు ఉతికితేనే ఆరతాయి, నాలుగు దాటితే గడ్డకట్టి అట్టముక్కల్లా నిలబడతాయి.

స్నానం సంగతి. గ్యాస్ గీజర్ బాత్‌రూములో కిటికీ లేకపోతే వెళ్ళకండి, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. నామ్చేలో ఎండ ఉండగా చేయండి, డింగ్‌బోచేలో తడి టవల్‌తో తుడుచుకుంటే చాలు. ఆడవాళ్ళు తలస్నానం నామ్చేతో ఆపేయడం మంచిది, జడ ఆరదు.

మూటాముల్లె
నీళ్ళు రోజుకి ఆరు లీటర్లు కొట్టాలె, వెల్లుల్లి సూప్ రెండు పూటలా తాగాలె. గప్పుడు తలనొప్పి రమ్మన్నా రాదు.

తెల్లకోటు
ఇక్కడ అడ్డు తగలక తప్పదు. చాయ్, సూప్, పప్పుతో కలిపి మూడు నుంచి నాలుగు లీటర్లు చాలు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపోయినట్టే. అంతకుమించి ఉత్త నీళ్ళు పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వికారం, తికమక వస్తాయి. చూడ్డానికి అచ్చం ఎత్తు జబ్బులాగే ఉంటుంది, దాంతో ఇంకా నీళ్ళు తాగిస్తారు. రోజుకి ఒక లీటరులో ఓఆర్‌ఎస్ కలపండి. పెద్ద ఎలక్ట్రాల్ ప్యాకెట్ 21.8 గ్రాములు, అది సరిగ్గా లీటరుకి. సగం నీళ్ళలో చిక్కగా కలపొద్దు. ఎక్కువ నీళ్ళు తాగితే ఎత్తు అలవాటు త్వరగా రాదు, ఒళ్ళు ఎండిపోకుండా ఉంటుంది, అంతే.

వెల్లుల్లి సూప్‌కి ఎత్తు జబ్బుని ఆపే శక్తి ఉందని రుజువు లేదు. వేడిగా, ఉప్పగా ఉంటుంది కాబట్టి హాయిగా తాగండి.

మందు, సిగరెట్, నిద్రమాత్రలు దిగేదాకా వద్దు. మందూ నిద్రమాత్రా రెండూ రాత్రి ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి.

మూటాముల్లె
సరే డాక్టర్ సాబ్, నాలుగు లీటర్లే. సూప్ మాత్రం ఇడువ.

కొత్తకాళ్ళు
డయామాక్స్ వేసుకుంటే రెస్ట్ డే తీసేయొచ్చు అని ఇంకో గ్రూపులో చదివాను.

తెల్లకోటు
తీసేయకూడదు. డయామాక్స్ అంటే ఎసిటజోలమైడ్, అది మూత్రపిండాల పనినే తొందర పెడుతుంది, పని జరిగే రోజుని రద్దు చేయదు. ముందుజాగ్రత్తకి పెద్దవాళ్ళకి వాడే మోతాదు 125 మి.గ్రా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మన దగ్గర మాత్ర 250 కాబట్టి అరమాత్ర. ఎత్తు ఎక్కడం మొదలయ్యే ముందురోజు నుంచి వేసుకుని, దిగడం మొదలయ్యాక ఆపాలి. వేళ్ళు తిమ్మిరెక్కడం, ఎక్కువసార్లు మూత్రం రావడం, సోడా చప్పగా అనిపించడం మామూలే. సల్ఫా మందులు పడనివాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు, గర్భిణులు సొంతంగా మొదలుపెట్టొద్దు. మిగతావాళ్ళు కూడా డాక్టర్ని అడిగి, హైదరాబాద్‌లోనే ఒకటి రెండు రోజులు వేసుకుని చూడాలి. పడదన్న సంగతి నామ్చేలో తెలియకూడదు.

షుగర్ ఉన్నవాళ్ళకి ఒక మాట. ఇన్సులిన్ గడ్డకడితే కరిగాక కూడా వాడకూడదు, ఒంటికి ఆనించి జేబులో పెట్టుకోండి. చలిలో గ్లూకోమీటర్ తప్పు చూపించొచ్చు, స్ట్రిప్పులతో సహా వెచ్చగా ఉంచాకే చూసుకోండి.

మియాపూర్_మెట్రో
ఆక్సీమీటర్ ఒకటి కొన్నాం. ఎంత కన్నా తగ్గితే దిగాలి?

పాతబూట్లు
ఆ ఒక్క అంకె చూసి దిగడం, ఎక్కడం ఉండవు. డింగ్‌బోచేలో బాగున్న మనిషికి కూడా ఎనభైల్లో చూపిస్తుంది, 98 కోసం వెతక్కండి. లోపలికొచ్చి ఐదు నిమిషాలు కూర్చుని, వేలు వెచ్చబడ్డాక, గోళ్ళరంగు లేకుండా, రోజూ ఒకే వేళకి చూడాలి. చల్లటి వేలికి 68 అని చూపించి గదంతా కంగారు పెట్టడం దానికి అలవాటు. ఆరుగురిలో ఐదుగురు 85 దగ్గరుండి ఒకరే 74 ఉంటే అప్పుడు ఆ ఒకర్ని కూర్చోబెట్టి ప్రశ్నలడగాలి.

ఆ ప్రశ్నలు లేక్ లూయిస్ పద్ధతిలోవి, 2018లో సవరించారు. తలనొప్పి, వికారం లేదా వాంతి, నీరసం, కళ్ళు తిరగడం. ఒక్కోదానికి 0 నుంచి 3. తలనొప్పి ఉండి మొత్తం 3 దాటినా, 3 ఉన్నా అది ఎత్తు జబ్బు కిందే లెక్క. నిద్ర పట్టకపోవడాన్ని ఆ సవరణలో తీసేశారు, ఎందుకంటే అక్కడ ఎవరికీ సరిగ్గా పట్టదు. రాత్రి పక్కవాడి ఊపిరి కాసేపు ఆగి, ఒక్కసారిగా గట్టిగా తీసుకోవడం వినపడుతుంది. ఆ ఎత్తులో అది మామూలు, లేపి భయపెట్టొద్దు.

రెస్ట్ డే సాయంత్రం భోజనానికి ముందు ఒక నోటుబుక్కులో అందరి అంకెలూ రాయండి. 3 వస్తే మర్నాడు ఎక్కడం లేదు, అక్కడే ఇంకో రాత్రి. తగ్గకపోగా పెరిగితే దిగడం. "పారాసిటమాల్ వేసుకున్నా, ఇప్పుడు బానే ఉంది" అనేవాళ్ళ అంకె మాత్ర వేసుకోకముందుదే రాయాలి.

గోల్కొండ_మెట్లు
దీనికి రెండు చేర్పులు. తిన్నగా గీత మీద మడమకి వేలు ఆనించి పది అడుగులు నడిపించండి. తూలితే, మాట తడబడితే, మెదడులో వాపు అనుమానించాలి. కూర్చున్నా ఆయాసం, పడుకోలేకపోవడం, దగ్గు, పెదాలు నీలమవడం ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు. ఈ రెంటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగకూడదు, రాత్రయినా మనిషి తోడుతో దించాలి. హెలికాప్టర్ వస్తుంది లెమ్మని కూర్చోవద్దు, మబ్బులో, చీకట్లో అది రాదు. ఆక్సిజన్, మందులు ఉంటే ఇవ్వండి, కానీ అవి దిగడానికి బదులు కావు.

మియాపూర్_మెట్రో
ఒకరికి అలా అయితే మిగతా ఐదుగురూ దిగాలా?

గోల్కొండ_మెట్లు
అక్కర్లేదు, కానీ అది ముందే ఏజెన్సీతో రాయించుకోవాలి. ఆరుగురికి గైడుతో పాటు అసిస్టెంట్ గైడు ఉండాలి. ఒక్క గైడే ఉంటే జబ్బుపడినవాణ్ణి పోర్టర్‌తో పంపేస్తారు, లేదా గుంపుతో పాటు పైకి లాక్కెళతారు. రెండూ ప్రమాదమే. స్నేహితుడు ఒకరు కూడా వెంట దిగాలి, భాష తెలిసినవాడు పక్కనుంటే లక్షణాలు సరిగ్గా చెప్పగలుగుతాడు.

300 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలామందికి తేలికపడుతుంది. లోబుచే నుంచి ఫెరిచే (సుమారు 4,370) అంటే దాదాపు 570 మీటర్ల దిగుడు, పైగా ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ క్లినిక్ ఉంది, వసంతం, శరదృతువు సీజన్లలో తెరుస్తారు. మీ రెస్ట్ డే మధ్యాహ్నం డింగ్‌బోచే నుంచి చిన్న గుట్ట దాటి అక్కడికి నడిచి వెళ్ళొచ్చు, దారి కూడా తెలిసినట్టుంటుంది. ఇన్సూరెన్స్‌లో 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్, హెలికాప్టర్ రెస్క్యూ అని అక్షరాలా ఉందో లేదో చూడండి. "అడ్వెంచర్ కవర్" అన్న మాట ఒక్కటే ఉంటే చాలదు.

అల్వాల్_అక్క
తిండి గురించి ఎవరూ రాయలేదేంటి? నామ్చే దాటాక మాంసం మానేయండి. ఆ లోయలో జంతువుల్ని కోయరు, కింది నుంచి మోసుకొచ్చిందే, ఎన్ని రోజులైందో తెలియదు. బిర్యానీ ప్రాణాలు పన్నెండు రోజులు ఓపిక పట్టాలి. దాల్ భాత్, ఆలుగడ్డలు, నూడుల్స్, గుడ్లు. డింగ్‌బోచేలో నీళ్ళు సుమారు 85 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు, పలుకుగా కనిపిస్తే వెనక్కి పంపి ఆలు అడగండి, కడుపు ఉబ్బరం తప్పుతుంది.

ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, అక్కడే మన పచ్చళ్ళు పనికొస్తాయి. నూనె తేలే ఆవకాయ కన్నా కరివేపాకు పొడి, పప్పుల పొడి మేలు, కడుపులో మంట రాదు. మనిషికి 150 గ్రాములు, రెండు జిప్ కవర్లలో. సీసా వద్దు.

పాతబూట్లు
దారిలో ఆగడం గురించి కూడా. యాభై నిమిషాలకోసారి ఐదు నిమిషాలు, అంతకన్నా ఎక్కువైతే ఒళ్ళు చల్లబడి మళ్ళీ లేవబుద్ధి కాదు. ఆగగానే ముందు జాకెట్ వేసుకుని తర్వాత నీళ్ళు తాగాలి, చలేసేదాకా ఆగితే ఆలస్యమే. నిటారు చోట ప్రతి అడుగులో వెనక కాలు తిన్నగా బిగించి, బరువు ఎముక మీద మోపి, అరక్షణం ఆగి ముందు కాలు వేయండి. కండరానికి అక్కడే విశ్రాంతి దొరుకుతుంది. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైంది.

మియాపూర్_మెట్రో
11 రోజుల ప్లానే ఖాయం చేశాం, అసిస్టెంట్ గైడుని కూడా అడిగాం. చివరి ప్రశ్న: గోరక్‌షెప్ పక్కనున్న కాలాపత్థర్ గుట్టకి పొద్దున నాలుగింటికి బయల్దేరాలట, ఆ చలికి నీళ్ళు గడ్డకట్టవా? ట్యూబు సంచీ తీసుకెళ్ళొచ్చా?

మూటాముల్లె
ట్యూబు మొదటిదే గడ్డకడ్తది, లోపల నీళ్ళున్నా తాగనీకి రాదు. వెడల్పు మూత బాటిల్ కొనుండ్రి. రాత్రి లాడ్జ్‌ల మరిగిన నీళ్ళు పోయించుకొని, ఉన్ని సాక్స్ తొడిగి, స్లీపింగ్ బ్యాగ్‌ల కాళ్ళ కాడ పెట్టుకోండ్రి. రాత్రి వెచ్చగ ఉంటది, పొద్దున గవే నీళ్ళు తాగొచ్చు. సంచిల బాటిల్‌ని బోర్ల పెట్టుండ్రి. మంచు పైకి తేలి అడుగు దిక్కు కడ్తది, మూత మాత్రం తిరుగుతది. మూత మంచిగ బిగించిండ్రో లేదో ఇంట్లనే ఒకసారి బోర్లించి చూసుకోండ్రి.